ప్రీఎంప్ట్ మీద రెండు రంగుల చేయి: ఒక్క పాటలో రెండు మాటలు

బ్రిడ్జ్ ఆటలో మీ చేతిలో పడ్డ పదమూడు ముక్కలు ఇవి. స్పేడ్స్‌లో ఆసు, రాజు, జాకీ, 8, 4. హార్ట్స్‌లో ఒంటి 3. డైమండ్స్‌లో ఆసు, రాణి, జాకీ, 9, 5. క్లబ్స్‌లో 7, 3. ముక్కలు సర్దుకుంటూనే లోలోపల వేలంలో చెప్పాల్సిన పాట కూడా సిద్ధం చేసుకున్నారు: ముందు స్పేడ్స్, తర్వాత వీలు చూసుకుని డైమండ్స్. అంతలో కుడిపక్క ఆటగాడు పెట్టెలోంచి ఎర్రటి స్టాప్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కనే 2 హార్ట్స్ కార్డు.

స్టాప్ కార్డు వాడే పోటీల్లో అది కనబడితే తర్వాతి ఆటగాడు దాదాపు పది సెకన్లు ఆగాలి. చేతిలో ఏమీ లేకపోయినా అంతే సేపు ఆగాలి, ఎందుకంటే ఎవరు తడబడ్డారో పార్ట్‌నర్‌కు తెలియకూడదు. ఆ పది సెకన్లలో చాలామంది పాయింట్లు మళ్లీ లెక్కపెట్టుకుంటారు. అవి ఎక్కడికీ పోవు. ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది: రెండో రంగు చెప్పుకునే వంతు నాకు మళ్లీ వస్తుందా?

వేలంలో ఉన్నవి 35 మెట్లే

ముందు పదాలు తేల్చుకుందాం. రంగు అంటే ఇక్కడ ఎరుపు, నలుపు కాదు. స్పేడ్స్, హార్ట్స్, డైమండ్స్, క్లబ్స్. మామూలు పేకాటలో ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అంటామే, అవే. మొదటి రెండూ మేజర్లు, మిగతా రెండూ మైనర్లు. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేక మొత్తం 40 పాయింట్లు. ఒక రంగులో అయిదు, మరో రంగులో అయిదు (లేదా అంతకంటే ఎక్కువ) ముక్కలుంటే అది రెండు రంగుల చేయి. పైన చూసిన చేతిలో 15 పాయింట్లున్నాయి, అవన్నీ ఆ రెండు పొడుగు రంగుల్లోనే ఉన్నాయి.

వేలంలో ప్రతి పాటా ముందు దానికంటే పైన ఉండాలి. ఒక్కో లెవెల్‌లో క్లబ్స్, డైమండ్స్, హార్ట్స్, స్పేడ్స్, నో ట్రంప్ (తురుపు లేని ఆట) వరసన ఎక్కుతూ 1 క్లబ్ నుంచి 7 నో ట్రంప్ దాకా మొత్తం 35 మెట్లు. 4 హార్ట్స్ గానీ 4 స్పేడ్స్ గానీ పాడి పది ట్రిక్కులు (నలుగురూ తలో ముక్క వేసే పదమూడు చుట్లలో పది) తెచ్చుకుంటే గేమ్ బోనస్ వస్తుంది. మైనర్లలో అదే బోనస్‌కు పదకొండు ట్రిక్కులు కావాలి, నో ట్రంప్‌లో తొమ్మిది చాలు.

ఇక ప్రీఎంప్ట్. పొడుగు రంగు ఒకటే ఉండి, మిగతా చేయి బలహీనంగా ఉన్నవాడు మొదటి వంతులోనే ఎత్తున పాడేస్తే దాన్ని ప్రీఎంప్ట్ అంటారు. 2 హార్ట్స్ అంటే సాధారణంగా ఆరు హార్ట్స్, పదికి మించని పాయింట్లు. 3 హార్ట్స్ అంటే ఏడు హార్ట్స్. ఆ చేయి గెలుస్తానని పాడదు, మీ దారికి అడ్డం పడుకోవడానికి పాడుతుంది. 3 హార్ట్స్ అన్న ఒక్క పాటతో 35 మెట్లలో 13 అయిపోతాయి. 4 స్పేడ్స్‌కు చేరేలోపు మీకు మిగిలేవి అయిదంటే అయిదు: 3 స్పేడ్స్, 3 నో ట్రంప్, 4 క్లబ్స్, 4 డైమండ్స్, 4 హార్ట్స్. వాడికి నష్టం లేదా అంటే ఉంది. కానీ వల్నరబుల్ (బోనస్‌లూ జరిమానాలూ పెరిగే స్థితి) కానప్పుడు, ఎదుటివాళ్లు పందెం పెంచుతూ చెప్పిన డబుల్ మీద రెండు ట్రిక్కులు తగ్గితే పోయేది 300. మీరు 4 స్పేడ్స్ ఆడి గెలిస్తే మీకొచ్చేది 420. వాడు చేసిన బేరం తెలివైనదే.

ఇదే కుడిపక్క ఆటగాడు 1 హార్ట్ అని తెరిచి ఉంటే ఇంత తలనొప్పి ఉండదు. 1 స్పేడ్ అని, రెండో వంతులో డైమండ్స్ చెప్పి, మూడో వంతులో ఆలోచించుకోవచ్చు. ప్రీఎంప్ట్ లాక్కునేది ఆ రెండో వంతునే.

డబుల్ అంటే మూడు రంగుల మాట

బలమైన చేయి కనబడగానే చేయి డబుల్ కార్డు మీదికి పోతుంది. అది తప్పేమీ కాదు. టేకవుట్ డబుల్ అంటే "వాళ్ల రంగులో నాకు తక్కువ, మిగతా మూడు రంగుల్లో ఏదైనా నువ్వే చెప్పు" అని. చిక్కంతా ఆ "మూడు" దగ్గరే. మన చేతిలో క్లబ్స్ 7, 3 మాత్రమే. పార్ట్‌నర్ నమ్మకంగా 3 క్లబ్స్ అంటాడు. అప్పుడు మనం 3 స్పేడ్స్ అంటే, అందరూ ఒప్పుకునే అర్థం ప్రకారం ఒకే పొడుగు రంగూ, మామూలు ఓవర్‌కాల్‌కు (ఎదుటివాళ్లు తెరిచాక మన రంగు చెప్పే పాటకు) మించిన బలమూ ఉన్న చేయి. డైమండ్స్ ఊసే అందులో లేదు.

అది కూడా ఎదుటివాళ్లు నోరు మూసుకుంటేనే. ఎడమపక్క ఆటగాడు 4 హార్ట్స్‌కు ఎక్కించాడనుకోండి, రెండు పాస్‌లు వచ్చాయి. మన దగ్గర ఇప్పుడు చెప్పని రంగులు రెండున్నాయి, మిగిలిన జాగా దాదాపు శూన్యం. 4 స్పేడ్స్ అంటే పార్ట్‌నర్ చేతిలో ఒంటి స్పేడ్ ఉండొచ్చు. 5 డైమండ్స్ అంటే వాడి దగ్గర మూడు స్పేడ్స్ ఉండొచ్చు. రెండూ చీకట్లో రాళ్లే.

డబుల్ నిజంగా పనికొచ్చే చేయి ఇలా ఉంటుంది: స్పేడ్స్‌లో రాజు, రాణి, 10, 5, హార్ట్స్‌లో ఒంటి 4, డైమండ్స్‌లో ఆసు, రాజు, జాకీ, 8, 4, క్లబ్స్‌లో ఆసు, 9, 3. ఇక్కడ పార్ట్‌నర్ ఏ రంగు చెప్పినా తట్టుకోగలం. వాడి దగ్గరే హార్ట్స్ బాగా ఉంటే డబుల్‌ను అలాగే వదిలేసి ఎదుటివాళ్లను శిక్షించనూ వచ్చు. అంటే 5-4-3-1 చేతికి డబుల్ సహజం. 5-5 చేతికే అది ఇరుకు చొక్కా అవుతుంది.

ఒక రంగు చెబితే 54, రెండు చెబితే 83

మరి ఉన్న వాటిలో మంచి రంగు, 2 స్పేడ్స్, చెప్పేసి ఊరుకుంటే? చూడటానికి బుద్ధిమంతమైన పాటే. దాని ధర ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది.

మీ దగ్గర ఒక రంగులో అయిదు ముక్కలుంటే మిగతా ఎనిమిది ముగ్గురి మధ్య ఉంటాయి. పార్ట్‌నర్ దగ్గర వాటిలో కనీసం మూడు ఉండే అవకాశం సుమారు 54 శాతం. మూడుంటే ఇద్దరికీ కలిపి ఎనిమిది ముక్కల జత, హాయిగా తురుపు చేసుకునే సంఖ్య. ఇప్పుడు రెండు అయిదు ముక్కల రంగులున్నాయనుకోండి. వాటిలో కనీసం ఒకదానిలో పార్ట్‌నర్‌కు మూడు ముక్కలుండే అవకాశం సుమారు 83 శాతం. ఇది వేలం గురించి ఏమీ తెలియనప్పటి లెక్క. 5-5 చేతులు రోజూ పడేవి కావు. 5-5-2-1, 5-5-3-0 రెండూ కలిపి నూటికి నాలుగు. అలాంటి చేయి పడ్డప్పుడు ఒక్క రంగే చెప్పి ఊరుకుంటే ఆ 83ని మనమే 54కు దించుకున్నట్టు.

శాతాలు కాస్త గాలిలో ఉంటాయి గనక ముక్కలే చూద్దాం. మొదటి చేతికి ఎదురుగా పార్ట్‌నర్ దగ్గర ఇవి ఉన్నాయి: స్పేడ్స్‌లో ఒంటి 6, హార్ట్స్‌లో 9, 8, 7, 2, డైమండ్స్‌లో రాజు, 8, 6, 4, క్లబ్స్‌లో ఆసు, 6, 5, 2. ఏడు పాయింట్లు, మన స్పేడ్స్‌కు చోటు లేదు. మనం 2 స్పేడ్స్ అంటే వాడు పాస్ అంటాడు, ఎవరూ తప్పు పట్టలేరు. అయిదుకు ఒకటి జతతో 2 స్పేడ్స్ ఎలాగో లాక్కొచ్చినా వచ్చేది 110.

అదే ముక్కలతో 5 డైమండ్స్ ఆడి చూడండి. వాళ్లు హార్ట్ ఆడి ఒక ట్రిక్ తీసుకుంటారు, రెండో హార్ట్‌ను తురుపుతో కోస్తాం. స్పేడ్ ఆసు తీసి, చిన్న స్పేడ్‌ను డమ్మీలో (బల్ల మీద పరిచిన పార్ట్‌నర్ చేతిలో) కోస్తాం. తురుపుతో చేతికి తిరిగొచ్చి, స్పేడ్ రాజు మీద డమ్మీలోని ఒక చిన్న క్లబ్ పారేసి, ఇంకో స్పేడ్‌ను డమ్మీలో కోస్తాం. ఎదుటివాళ్ల స్పేడ్స్ 4-3గా ఉంటే మన జాకీ నిలుస్తుంది. లెక్క: స్పేడ్స్‌లో మూడు, క్లబ్ ఆసు ఒకటి, తురుపులతో ఏడు. పదకొండు. పోయేవి ఒక హార్ట్, ఒక క్లబ్. వల్నరబుల్ కాకపోతే 400, అయితే 600. రెండు చేతులూ కలిపి 22 పాయింట్లే! గేమ్ అక్కడ ఉన్నది జతలో, పాయింట్లలో కాదు.

ఎగిరి పాడే మైకేల్స్

ఈ చిక్కుకు ఎక్కువమంది వాడే మందు లీపింగ్ మైకేల్స్. అమెరికన్ ఆటగాడు మైక్ మైకేల్స్ పేరుమీద వచ్చిన పాత పద్ధతిలో ఎదుటివాళ్ల రంగునే మనం పాడితే అది రెండు రంగుల చేతికి గుర్తు. దానికే ఎగిరే తమ్ముడు ఇది. వాళ్ల 2 హార్ట్స్ మీద మనం 3వ లెవెల్ దాటి ఒక్కసారిగా 4 క్లబ్స్ అంటే "క్లబ్స్, స్పేడ్స్ రెండూ ఉన్నాయి, చేయి బలమైనది" అని. 4 డైమండ్స్ అంటే డైమండ్స్, స్పేడ్స్. వాళ్లు 2 స్పేడ్స్ అని తెరిస్తే రెండో రంగు హార్ట్స్ అవుతుంది. అంటే పాడిన మైనర్, దానితో పాటు మిగిలి ఉన్న మేజర్.

మన చేతికి 4 డైమండ్స్ చొక్కా కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. ఒంటి స్పేడ్, నాలుగు డైమండ్స్ ఉన్న పార్ట్‌నర్ కళ్లు మూసుకుని 5 డైమండ్స్ అంటాడు. వాడి దగ్గర మూడు స్పేడ్స్ ఉంటే 4 స్పేడ్స్ అంటాడు. ఎడమపక్క వాడు మధ్యలో 5 హార్ట్స్ అని దూకినా, మన రెండు రంగులూ ముందే బల్ల మీద ఉన్నాయి గనక పార్ట్‌నర్ చూసుకుని తేల్చుకుంటాడు.

వాళ్లు 2 డైమండ్స్‌తో తెరిచినప్పుడు కాస్త మెలిక. అప్పుడు మేజర్లు రెండూ ఖాళీగా ఉన్నాయి. కాబట్టి 4 డైమండ్స్ అంటే రెండు మేజర్లూ. 4 క్లబ్స్ అంటే క్లబ్స్, ఏదో ఒక మేజర్. అది ఏదో తెలుసుకోవడానికి పార్ట్‌నర్ 4 డైమండ్స్ అని అడుగుతాడు.

దీనికి మనం ఏం వదులుకున్నాం? సహజార్థంలో 4 క్లబ్స్ ఎగిరి పాడటం. అది పెద్ద త్యాగమేమీ కాదు. మంచి పొడుగు మైనర్ ఉన్నవాడు 3 నో ట్రంప్ దాటి ఊరికే ఎందుకెళతాడు? అందుకే ఈ పద్ధతి మీద పెద్దగా ఎవరికీ పేచీ లేదు. పేచీ ఉన్నది ఒక చోటే: 4 డైమండ్స్ మీద పార్ట్‌నర్ పాస్ అనొచ్చా? గేమ్ దాకా ఆగకూడదన్నది ఎక్కువమంది పట్టు. అప్పుడు 18 పాయింట్ల చేతికీ, 15 పాయింట్ల చేతికీ ఒకే పాట వాడుకోవచ్చు, జారిపోతుందన్న టెన్షన్ ఉండదు. బలమైన ఆహ్వానం మాత్రమే అనుకుని, పార్ట్‌నర్ దగ్గర ఏమీ లేకపోతే ఆగనిచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదనలోనూ పస ఉంది: పార్ట్‌నర్ సున్నాతో ఉన్నప్పుడు అయిదో లెవెల్‌కు తోయడం ఎందుకు? నాకు మొదటిదే నచ్చుతుంది. గేమ్‌కు దరిదాపుల్లో కూడా లేని చేతిని అంత ఎత్తుకు ఎగరనివ్వడమే మొదటి తప్పు అనిపిస్తుంది.

2 నో ట్రంప్ గురించి ఒక మాట. 1 హార్ట్ మీద 2 నో ట్రంప్ అంటే రెండు మైనర్లు అని చాలామందికి అలవాటు. 2 హార్ట్స్ ప్రీఎంప్ట్ మీద అదే పాట సహజమైనది: హార్ట్స్‌కు అడ్డు ఉన్న, 15 నుంచి 18 పాయింట్ల సమతూకపు చేయి. ఒకదాన్ని ఇంకోదానిగా చదువుకుని కొంపలు ముంచుకోవడం కొత్త జోడీల్లో మామూలే.

మూడో లెవెల్‌లో ఎగరడానికి జాగా ఉండదు

వాళ్లు 3 హార్ట్స్ అన్నాక 4 క్లబ్స్ అంటే అది ఎగరడం కాదు, పక్క మెట్టు ఎక్కడమే. అయినా దాన్ని అదే అర్థంలో, అంటే క్లబ్స్, స్పేడ్స్‌కు వాడుకునే జోడీలున్నాయి. దీనికి నాన్ లీపింగ్ మైకేల్స్ అని పేరు. 3 క్లబ్స్ మీదైతే 4 క్లబ్స్ రెండు మేజర్లు, 4 డైమండ్స్ అంటే డైమండ్స్, ఏదో ఒక మేజర్.

ఇక్కడ త్యాగం చిన్నది కాదు. క్లబ్స్ ఒకటే పొడుగ్గా ఉన్న మంచి చేతికి ఇక 4 క్లబ్స్ అనే దారి లేదు. డబుల్ అనాలి, లేదా 3 నో ట్రంప్ మీద జూదమాడాలి, లేదా ఒకేసారి 5 క్లబ్స్ అనాలి. ఒక రంగు చేతులే ఎక్కువగా పడతాయి గనక సహజార్థమే ఉంచుకోవాలన్నది ఒక పక్షం. రెండు రంగుల చేతులు తక్కువగా పడినా, పడ్డప్పుడు గేమ్, ఒక్కోసారి స్లామ్ (పన్నెండు, పదమూడు ట్రిక్కుల పాట) చేజారుతుందన్నది రెండో పక్షం. ఇద్దరి మాటా నిజమే. మార్గాల మంచిచెడ్డల కంటే ఇద్దరికీ ఒకే మార్గం గుర్తుండటం ముఖ్యం అని మాత్రం నాకు ఖరీదుగా తెలిసింది.

వల్నరబుల్‌గా ఉన్నాం. 3 హార్ట్స్ మీద నేను దర్జాగా 4 క్లబ్స్ అన్నాను, నల్ల రంగులు రెండూ చెప్పేశానన్న తృప్తితో. పార్ట్‌నర్ దగ్గర నాలుగు స్పేడ్స్ ఉన్నాయి. మా ఒప్పందం రెండో లెవెల్ ప్రీఎంప్ట్‌ల వరకే అనుకున్నాడు, పాస్ అన్నాడు. పదకొండు ట్రిక్కులు వచ్చాయి, 150 రాసుకున్నాం. అవే ముక్కలు ఆడిన మిగతా బల్లల మీద 4 స్పేడ్స్‌కు కనీసం 620. ముక్కలు సంచిలో పెట్టేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పాయింట్లు ఒక్కటెక్కువే, అయినా అదే చేయి కాదు

5-5 పడితే చాలు ఎగరొచ్చా? ఈ చేయి చూడండి. స్పేడ్స్‌లో రాజు, 8, 6, 4, 2. హార్ట్స్‌లో ఒంటి ఆసు. డైమండ్స్‌లో రాణి, జాకీ, 7, 5, 3. క్లబ్స్‌లో ఆసు, రాణి. 16 పాయింట్లు, మొదటి చేతికంటే ఒకటి ఎక్కువ. పాయింట్లను నమ్మనివాళ్లు ఓడే ముక్కల లెక్క వేస్తారు: ప్రతి రంగులో మొదటి మూడు ముక్కల్లో ఆసు, రాజు, రాణి ఎన్ని లోటో చూడటం. ఆ లెక్కలో మొదటి చేతికి 5, దీనికీ 5. రెండు కొలబద్దలూ తేడా లేదంటున్నాయి.

తేడా ఉంది, బాగా ఉంది. ఈ చేతిలో 10 పాయింట్లు పొట్టి రంగుల్లో ఇరుక్కున్నాయి. తురుపు కావాల్సిన రంగుల్లో రాజు, రాణి, జాకీ తప్ప అన్నీ చిల్లర. పైగా ఎదుట ప్రీఎంప్ట్ చేసినవాడు ఉన్నాడు. వాడి చేతిలో ఆరేడు ముక్కలు ఒకే రంగువి, కాబట్టి మిగతా రంగులు వాడి దగ్గర పొట్టిగా ఉంటాయి. వాడి దగ్గర లేని స్పేడ్స్ వాడి పార్ట్‌నర్ దగ్గర గుంపుగా దొరుకుతాయి. తురుపులు 4-1గా చీలినప్పుడు ఆసు, రాజు, జాకీతో మొదలయ్యే రంగు నిలబడుతుంది. రాజు, 8, 6తో మొదలయ్యేది నిలవదు. 10లు, 9లు కూడా ఇలాంటప్పుడే విలువ చూపిస్తాయి. ఈ చేతితో 2 హార్ట్స్ మీద 2 స్పేడ్స్ అని ఊరుకునేవాళ్లతో నేను వాదించను.

4 నో ట్రంప్ అంటే ఇక్కడ ఆసులు అడగడం కాదు

అన్నిటికంటే ఇరుకైన చోటు 4 స్పేడ్స్. వాళ్లు తెరవడమే అక్కడ. మీ చేతిలో స్పేడ్స్ లేవు. హార్ట్స్‌లో రాజు, రాణి, జాకీ, 9, 4. డైమండ్స్‌లో ఆసు, రాజు, జాకీ, 10, 8, 3. క్లబ్స్‌లో ఆసు, 5.

మామూలు రోజుల్లో 4 నో ట్రంప్ అంటే ఆసులెన్ని అన్న ప్రశ్న. ఎదుటివాళ్ల 4 స్పేడ్స్ మీద అది "నాకు రెండు రంగులున్నాయి, అయిదో లెవెల్‌లో ఒకటి ఎంచుకో" అన్న మాట. అదే 4 హార్ట్స్ మీదైతే ఎక్కువమందికి రెండు మైనర్లు, ఎందుకంటే స్పేడ్స్ ఉన్నవాడికి 4 స్పేడ్స్ అనే దారి తెరిచే ఉంది. ఈ చేతితో 4 స్పేడ్స్ మీద డబుల్ అనేవాళ్లూ ఉంటారు. ఆ ఎత్తులో పార్ట్‌నర్ దాన్ని తరచుగా అలాగే వదిలేస్తాడు. అప్పుడు స్పేడ్ ఒక్కటీ లేకుండా వాళ్ల 4 స్పేడ్స్‌ను ఓడించే పని మన మీద పడుతుంది.

4 నో ట్రంప్ అన్నారు. పార్ట్‌నర్ దగ్గర స్పేడ్స్‌లో 9, 7, 5, 2. హార్ట్స్‌లో ఆసు, 6, 2. డైమండ్స్‌లో ఒంటి 4. క్లబ్స్‌లో జాకీ, 10, 8, 7, 3. వాడు కింది నుంచి మొదలుపెట్టి 5 క్లబ్స్ అంటాడు. మీకు క్లబ్స్ ఉండి ఉంటే పాస్ అనేవారు. మీరు 5 డైమండ్స్ అంటారు. క్లబ్స్ కాదన్నాక మిగిలినవి రెండు ఎర్ర రంగులే. వాడు తన ఒంటి డైమండ్‌నూ, మూడు హార్ట్స్‌నూ ఒకసారి చూసుకుని 5 హార్ట్స్ కార్డు తీస్తాడు. ఆ క్షణం దాకా హార్ట్స్ అన్న పేరు బల్ల మీద ఎవరూ ఎత్తలేదు.